బెర్లిన్‌లో మెమ్నాన్

ఈజిప్టు రాణి నెఫర్తీతి విగ్రహాన్ని చూడటం గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కాబట్టి దాని జోలికి పోను. బెర్లిన్ మ్యూజియం ఐలాండ్‌లో నన్ను ఆపేసింది ఆమె ఉన్న మ్యూజియం పక్కనే, ఆల్టెస్ మ్యూజియంలో మెమ్నాన్ అనే కుర్రాడి పాలరాతి తల.

ఆ రోజు నా మూడ్ అసలే బాగాలేదు. దారిలో ఒక కొట్టువాడు నీళ్ళ సీసాకి మూడు యూరోలు లాగాడు, పైన సీసా డిపాజిట్ 25 సెంట్లు వేరే, అది వెనక్కి రావాలంటే ఖాళీ సీసా మోసుకు తిరగాలి. పై అంతస్తులో ఒక టూర్ గ్రూపు క్లియోపాత్రా విగ్రహం చుట్టూ గోడ కట్టేసింది. విసుగొచ్చి పక్కకి జరిగితే ఇతను కనబడ్డాడు.

ఆఫ్రికా యువకుడు. బిగుతైన ఉంగరాల జుట్టు, నిండు పెదాలు, ఏదో ఆలోచిస్తున్న ముఖం. క్రీ.శ. 160-170 ప్రాంతంలో చెక్కారట. రోమన్ కాలపు ఆఫ్రికన్లంటే నా తలలో ఉన్నది లండన్‌లో చూసిన వెండి మిరియాల డబ్బా: కునుకు తీస్తున్న బానిస పిల్లాడి ఆకారం, తలలో చిల్లులు. ఆ చిల్లుల్లోంచి రాలింది బహుశా మన మలబారు మిరియమే! అది చూసినవాడికి ఈ ముఖం కొత్తగా ఉంటుంది. ఇది చదువుకున్నవాడి ముఖం.

ఏథెన్స్ కోటీశ్వరుడు, రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కి పాఠాలు చెప్పిన హెరోడెస్ అట్టికస్ కన్నబిడ్డల్లా పెంచుకున్న కుర్రాళ్ళలో మెమ్నాన్ ఒకడు, ఇథియోపియా మూలాలవాడు. రాతి మీద పేరేమీ లేదు, కానీ తల దొరికింది దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీస్‌లో హెరోడెస్ విల్లా శిథిలాల్లో కాబట్టి అతనే అంటారు పండితులు. కుర్రాళ్ళు పోయాక ఆయన ఏడ్చిన ఏడుపు ఊరంతా చెప్పుకున్నారు. వేటకు వెళ్తున్నట్టు, వేటాడుతున్నట్టు వాళ్ళ విగ్రహాలు తోటల్లో, పొలాల్లో నిలబెట్టించి, వాటిని కదిలించినవాళ్ళకి శాపాలు కూడా రాయించాడు. ఈ తల మాత్రం గ్రీసు నుంచి బెర్లిన్ దాకా వచ్చేసింది, శాపం ఎవరికి తగిలిందో మరి.

టూర్ గ్రూపు నా వెనక నుంచే లిబియాలో పుట్టిన చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కుటుంబ చిత్రం వైపు పరిగెత్తింది. మెమ్నాన్‌కి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు, నాకు ఒళ్ళు మండింది.

హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో మా పిన్నిగారిల్లు. పెళ్ళిళ్ళకి మర్ఫా డప్పులు వాయించే సిద్దీలను, అంటే ఆఫ్రికా సంతతివాళ్ళను, చిన్నప్పుడు అక్కడే చూశాను, వాళ్ళ తాతలు నిజాం గుర్రపు దళంలో పనిచేసినవాళ్ళు. మన దగ్గర వాళ్ళ ముఖం ఎవరైనా ఇంత శ్రద్ధగా రాతిలో చెక్కారా? నేనైతే చూడలేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి, సంక్రాంతికి వచ్చినప్పుడు వెళ్తాను.