ముక్కుతుంటే మలబద్ధకం అనుకున్నాను

డాక్టర్ గారి మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలాను. "మామూలు రోజుల్లో ఎన్నిసార్లు వెళ్తుందండీ?" నాలుగేళ్ళుగా రెండు పూటలా మా కుక్క చుక్కని బయట తిప్పేది నేనే. అది కూర్చోగానే ఫోన్ చూసుకోవడం, లేచాక మొహం అటు తిప్పుకుని కవర్లోకి ఎత్తడం. అంతే నాకు తెలిసింది.

అంతకు వారం ముందు నుంచి చుక్క గంటకోసారి తలుపు గీకేది. బయటికి తీసుకెళ్తే వీపు విల్లులా వంచి ముక్కేది. నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చునేది. వచ్చేది మాత్రం చెంచాడు. గట్టిపడిందేమోలే అని తిండిలో కాస్త నూనె కలిపాను. అదెంత తెలివితక్కువ పనో తెల్లారేసరికి దాని పరుపే చెప్పింది. పల్చటి విరేచనం, దాని మీద కోడిగుడ్డు తెల్లసొనలా జిగురు, ఒక పక్క సన్నటి ఎర్ర చార.

డాక్టర్ గారు దాని మెడ మీద చర్మం పట్టి లాగి వదిలారు. వెంటనే సర్దుకుంది. చిగుళ్ళూ తడిగానే ఉన్నాయి. "ఒంట్లో నీళ్ళు తగ్గలేదు, భయం లేదు" అన్నారు. "ఇది మలబద్ధకం కాదు, పెద్దపేగు వాచింది. లోపల ఏమీ లేకపోయినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది దానికి. అందుకే ఆ ముక్కుడు." చిన్నపేగు చెడితే ఒక్కోసారి వెళ్ళేది చాలా ఎక్కువగా ఉంటుందట, రోజులు గడిస్తే కుక్క చిక్కిపోతుందట. మాటిమాటికీ కొంచెం కొంచెం, పైగా జిగురు అంటే పెద్దపేగు పని. ఎర్ర చార కూడా కింది నుంచి వచ్చిందే. పొట్టలో రక్తం కారితే అది అరిగి తారులా నల్లగా వస్తుందనీ, అప్పుడు పూట కూడా ఆగొద్దనీ గట్టిగానే చెప్పారు.

మొదటి పరీక్షలో ఏమీ దొరకలేదు. మూడు రోజుల మలం తెమ్మన్నారు. ఆ డబ్బాలు మోసుకెళ్ళిన సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎగతాళే. కానీ అలా చూస్తేనే దొరికింది, జియార్డియా. ఆ క్రిమి రోజూ బయటపడదు.

మందు ఐదు రోజులు. మందుకంటే స్నానమే పెద్ద గొడవ. వెనక బొచ్చుకి అంటుకున్న క్రిములు నాకితే మళ్ళీ కడుపులోకే పోతాయి కాబట్టి, ఆఖరి రోజు శుభ్రంగా కడగాలి. చుక్క నన్నూ తడిపేసింది. పరుపు గుడ్డలు వేడినీళ్ళలో ఉతికాను, వెళ్ళిన ప్రతిసారీ వెంటనే ఎత్తేశాను.

పెద్ద కుక్కకి రోజుకి ఒకటి నుంచి మూడుసార్లు మామూలేనట, పిల్లలకి ఇంకా ఎక్కువ. మా చుక్క లెక్క రెండు: పొద్దున తిన్న అరగంటకి ఒకటి, సాయంత్రం నడకలో ఒకటి. గోధుమరంగు, కణుపులు కణుపులుగా, ఎత్తితే గడ్డికి మరక అంటకుండా రావాలి. ఆ రంగు పిత్తం వల్లే వస్తుందని తెలిశాక, రంగు మారితే ఎందుకు చూడాలో కూడా అర్థమైంది.

మందు అయిపోయిన నాలుగో రోజు పొద్దున సరిగ్గా అలాంటిదే పడింది. సంబరంగా ఫొటో తీసి డాక్టర్ గారికి పంపాను. ఆవిడ అప్పుడే టిఫిన్‌కి కూర్చున్నారట.