పదకోశాన్ని ప్రోగ్రాం పొట్టలో పెట్టిన కథ

మావయ్య రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన కోసం సీ భాషలో చిన్న పదకోశం ప్రోగ్రాం రాసిచ్చాను. పక్కనే ఒక ఫోల్డరు, అందులో 6 ఎంబీల పదాల ఫైలు. ఆయన ఫోల్డరు వదిలేసి ప్రోగ్రాం ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, "ఒరేయ్ అల్లుడూ, ఇందులో ఒక్క మాటా లేదురా" అని ఫోన్ చేశారు. ఇలా జరగడం మూడోసారి. ఇక లాభం లేదు, పదాల్ని కూడా ప్రోగ్రాంలోనే కూరేద్దామని కూర్చున్నాను. ఆయనది విండోస్, నాది లైనక్స్, వాళ్లమ్మాయిది మ్యాక్. టెన్షన్ అక్కడ మొదలైంది.

ముందు ఎక్స్‌ఎక్స్‌డీ అనే టూల్‌తో ఫైలును సీ అర్రేగా, అంటే కోడ్‌లో రాసిన అంకెల వరసగా మార్చాను. ఒక్కో బైటూ ఆరు అక్షరాలై కూర్చోవడంతో 6 ఎంబీల ఫైలు కాస్తా 37 ఎంబీల సోర్స్ కోడైంది. దాన్ని కంపైల్ చేసిన (ప్రోగ్రాంగా మార్చిన) ప్రతిసారీ ఫ్యాను గోల. పోనీ అని ప్రోగ్రాం తోకకు డేటా అతికించి చూశాను. లైనక్స్‌లో బాగానే నడిచింది. సైజు తగ్గుతుందని, అక్కర్లేనివి తీసేసే స్ట్రిప్ కమాండ్ కొట్టేసరికి తోక మాయం! ప్రోగ్రాం ఫైల్లోని సెక్షన్లలో (పేరున్న అరల్లో) లేనిదాన్ని అది ఉంచదు మరి. మ్యాక్‌లోనేమో ప్రోగ్రాంకు డిజిటల్ సంతకం పెట్టే కోడ్‌సైన్ ససేమిరా అంది.

చివరికి మూడిళ్లకు మూడు దారులు పట్టాల్సి వచ్చింది.

విండోస్‌కు రిసోర్సుల ఏర్పాటు, అంటే ప్రోగ్రాంలోనే డేటా దాచుకునే వీలు, మొదటినుంచీ ఉంది. ఏ రిసోర్స్ పెట్టాలో చెప్పే ఆర్‌సీ ఫైల్లో ఒక లైను రాసి, దాన్ని ప్రోగ్రాంలో కలపగలిగేలా మార్చే విండ్రెస్ టూల్‌కు ఇచ్చాను. బిల్డ్ అయింది, నడిపితే రిసోర్స్‌ను వెతికే ఫైండ్‌రిసోర్స్ ఫంక్షన్ నల్ (ఏమీ దొరకలేదని) ఇచ్చింది, ఎర్రర్ 1813: అలాంటి రిసోర్స్ రకమే లేదట. కళ్లెదుట ఉన్నదాన్ని లేదంటుందేమిటి? ఆర్‌సీ ఫైల్లో రకం పేరు ఆర్‌టీ_ఆర్‌సీడేటా అని రాశాను కానీ, ఆ పేరుకు అర్థం చెప్పే విండోస్ హెడర్ ఫైలును ఇన్‌క్లూడ్ చేయలేదు. అది 10 అనే నంబరుగా మారాల్సింది పోయి, అదే పేరున్న కొత్త రకంగా లోపల కూర్చుంది. ఒక్క హెడర్ లైనుకు ఒక సాయంత్రం ఖర్చు. అన్నట్టు, డేటా ఎక్కడుందో చెప్పే లాక్‌రిసోర్స్ ఫంక్షన్ పేరులోనే తాళం ఉంది, నిజానికి ఏదీ లాక్ చేయదు. 16 బిట్ల కాలం నాటి పేరు అలా మిగిలిపోయింది.

లైనక్స్‌లో అలాంటి సొంత ఏర్పాటు లేదు. ఆబ్జ్‌కాపీ టూల్‌తో పదాల ఫైలును ఆబ్జెక్ట్ ఫైలుగా (ప్రోగ్రాంలో కలపగల ముక్కగా) మార్చి లింక్ చేశాను. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంది, అంటే నేను వాడిన పేరు దొరకలేదట. లోపలి పేర్లు చూపే ఎన్‌ఎం పెట్టి చూస్తే సింబల్ (డేటాను పిలిచే పేరు) ఉంది, కానీ పేరులో ఫోల్డరు పేరు కూడా చేరింది. నేను ఏ దారిలో ఫైలును పిలిచానో అదంతా, చుక్కా స్లాషూ అండర్‌స్కోర్లై, పేరైపోతుంది. ఆ ఫోల్డర్లోకే వెళ్లి కమాండ్ ఇస్తే సరిపోయింది. తర్వాత సైజు సింబల్ చూపించిన అంకె నా డిస్కు కంటే పెద్దది. పీఐఈ బిల్డుల్లో, అంటే మెమరీలో ఎక్కడికైనా జరగగల ప్రోగ్రాముల్లో, దాన్ని నమ్మకూడదు. డేటా ముగిసే చోటు చెప్పే ఎండ్ సింబల్ లోంచి మొదలయ్యే చోటు చెప్పే స్టార్ట్ తీసేయాలి. ఇంకోటి, మాట అయిపోయిందని సీ భాషకు చెప్పే సున్నా బైట్ డేటా చివర ఉండదు. ఆఖరి పదం "హ్లాదం" తర్వాత చెత్త అక్షరాలు వచ్చాక గానీ నాకది తట్టలేదు.

మ్యాక్ పెద్దగా ఏడిపించలేదు. ముక్కల్ని ప్రోగ్రాంగా కలిపే లింకర్‌కు సెక్ట్‌క్రియేట్ అనే ఆప్షన్‌తో సెగ్మెంటు (సెక్షన్లుండే పెద్ద అర), సెక్షను, ఫైలు పేర్లు ఇచ్చాను. సెక్షను పేరు 16 అక్షరాలు దాటకూడదు. డేటా చదవడానికి పాత గెట్‌సెక్ట్‌డేటా ఫంక్షన్ వాడితే క్రాష్ అయింది, ప్రోగ్రాం మెమరీలో జరిగిన దూరాన్ని అది లెక్కలోకి తీసుకోదు. దాని బదులు, ఆ దూరం లెక్కేసే గెట్‌సెక్షన్‌డేటా వాడాను. సంతకం చేసేలోపే డేటా లోపల ఉంది కాబట్టి కోడ్‌సైన్ కూడా నోరెత్తలేదు.

ఇప్పుడైతే సీ భాష కొత్త ప్రమాణం సీ23లో, ఫైలును నేరుగా కోడ్‌లోకి తెచ్చే ఎంబెడ్ వచ్చింది. జీసీసీ 15 లేదా క్లాంగ్ 19 కంపైలర్ ఉన్నవాళ్లకు మూడుచోట్లా ఒక్క లైను చాలు. ఈ పని చేసేటప్పుడు నా దగ్గరున్నవి పాత కంపైలర్లు.

కొత్త ఫైలు మావయ్యకు పంపాను. పది నిమిషాల్లో ఫోను: "ఒరేయ్, ఫోల్డరు పంపడం మర్చిపోయావు. అది వచ్చాకే తెరుస్తాలే."