ఉద్దానం ఇసుక, మందస గెడ్డలు: పాత సఫారీతో రెండు రోజులు

జనవరి మొదటివారంలో విజయనగరం నుంచి చీకటితోనే బయలుదేరాం. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస చేరేసరికి ఎండెక్కింది. బండి 2003 నాటి టాటా సఫారీ, రెండు లీటర్ల టర్బో డీజిల్, ఫోర్ బై ఫోర్, అంటే కావాలంటే నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి ఇవ్వొచ్చు. హైవే పొడుగునా టూ వీల్‌లోనే, వెనక చక్రాల శక్తితోనే నడిపాం. ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేదు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే, ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరగాల్సి వస్తుంది. ఆ తేడా పోవడానికి దారి లేక జాయింట్ షాఫ్టులు (ఆక్సిళ్లకు శక్తి చేర్చే పొడుగు గొట్టాలు) మెలిపడతాయి, వాటి చివర కీళ్లలోని క్రాసులు విరుగుతాయి. ఒకవేళ అలా పట్టేసి లీవరో స్విచ్చో వదలకపోతే, నాలుగు మీటర్లు తిన్నగా రివర్స్ వెళ్తే వదులుతుంది.

బయలుదేరే ముందు రెండు ఆదివారాలు కింద పడుకుని చేసిన పని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే యాత్ర అంతా దాని మీదే నడిచింది. సఫారీకి ముందువైపు టోర్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కాయిల్ స్ప్రింగులు. ఇరవై ఏళ్లకు టోర్షన్ బార్లు జారి, బండి ముందు భాగం కిందికి దిగుతుంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా టేపు పెట్టి కొలిస్తే డ్రైవర్ పక్క 18 మి.మీ. తక్కువ వచ్చింది. చాలామంది దీన్ని అదనుగా తీసుకుని బారును సర్దే బోల్టు చివరిదాకా బిగించి, ముందు భాగం రెండంగుళాలు పైకి లేపేస్తారు. అది తప్పు. అంత లేపితే చక్రం కిందికి దిగడానికి జాగా మిగలదు, గుంట దాటిన ప్రతిసారీ చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ రబ్బరు స్టాపర్‌కి తగిలి సుత్తి దెబ్బలా వినిపిస్తుంది. ఆక్సిల్ వంపు ఎక్కువై సీవీ జాయింట్ (ముందు చక్రాన్ని తిప్పే ఆక్సిల్ కీలు) మీది రబ్బరు బూటు మడతల్లో చిట్లుతుంది. రిమ్ము లోపలివైపు నల్లటి గ్రీజు చారలు కనబడితే బూటు పోయినట్టే. స్టీరింగు చివరిదాకా తిప్పిన ఫుల్ కటింగ్‌లో టక్ టక్ శబ్దం మొదలైతే జాయింటూ పోయినట్టే.

మేము పాత ఎత్తు తెచ్చుకున్నాం, అంతకు మించి ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి రెండు ముందు చక్రాలూ గాల్లో వేలాడాకే బోల్టు ముట్టుకోవాలి. బరువు మీద తిప్పితే మర చెడుతుంది. అరచుట్టు తిప్పడం, దించడం, ఐదు కిలోమీటర్లు తిప్పి తేవడం, మళ్లీ కొలవడం. రెండు పక్కలా సరిపోయాక అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైరు లోపలి అంచు నెలలోనే అరుగుతుంది. వెనక స్ప్రింగులు కొత్తవి వేశాం. టైర్ల సైజు మార్చలేదు, 235/75 ఆర్15నే, తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేశాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చనివ్వదు. అదలా ఉంచినా, పెద్ద టైరు వేస్తే గేరు బరువై ఇసుకలో ఈ ఇంజిను చతికిలబడుతుంది.

హరిపురం దగ్గర హైవే దిగి సముద్రం వైపు తిరిగితే, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానం జీడితోటలు. జీడిపూత వాసన, పైన కొబ్బరి నీడ, కింద మెత్తటి ఇసుక దారి. తోట గట్టు మీద ఒక పెద్దాయన బండి ఆపి, ‘‘ఏటి బావూ, నడిమిన ఎల్లకండి, దిగిపోద్ది. గట్టు పక్కనుంచి ఎల్లండి’’ అన్నాడు. ఆయన మాట విన్నాం, గాలి కూడా దించాం. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉన్నది 18కి. గాలి తీస్తే టైరు పక్కలకంటే ముందుకీ వెనక్కీ ఎక్కువ పరుచుకుంటుంది, బరువు పొడుగ్గా పడి ఇసుకను తవ్వదు. 15కంటే కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. ముప్పై దాటని వేగం, మెల్లగా స్టీరింగు, బ్రేకు బదులు యాక్సిలరేటర్ వదిలి ఆగడం. బ్రేకు కొడితే చక్రం ముందు ఇసుక గట్టు కడుతుంది, మళ్లీ కదలడం ఆ గట్టు ఎక్కడంతో మొదలవుతుంది.

ఒకచోట వెనక చక్రం దిగబడింది. చక్రం తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కితే ఆక్సిల్ హౌసింగ్ (ఆక్సిల్ గేర్లుండే ఇనుప గుల్ల) ఇసుకలో కూర్చుంటుంది, అందుకని వెంటనే వదిలేశాం. అడుగున్నర పలక లేకుండా ఇసుకలో జాకీ నిలబడదు. జాకీతో చక్రం లేపి కింద కొబ్బరాకులు వేశాం. మట్ట మొదలు నరికేసి ఆకు భాగమే వేయాలి. మొదలు ఉంటే చక్రం కింద లేచి బ్రేకు హోసునో సీవీ బూటునో పొడుస్తుంది.

ఒడ్డు ఇసుక మీదికి బండి దించలేదు. అది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, ఇది వాటి కాలం.

మర్నాడు మందస వైపు. ఎదురుగా మహేంద్రగిరి, 1,501 మీటర్లు, శిఖరం ఒడిశాలో ఉంది. కొండ కింద ఊళ్ల మధ్య బండి దారులు, రాళ్ల గెడ్డలు, అంటే వాగులు. అడవి శాఖ దారుల్లోకి వెళ్లలేదు. రాళ్ల మీద గాలి 24. ఇక్కడ 18 ఉంటే టైరు పక్క గోడ చీలుతుంది.

గెడ్డ నీళ్లు మోకాలిదాకా ఉన్నాయి. ముందు కర్రతో నడిచి చూశాం. పది నిమిషాలు బండి ఆపి ఉంచాం, ఇది చాలామంది వదిలేసే మెట్టు. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని ఆయిల్ సీళ్ల పక్కనుంచి నీళ్లను పీల్చుకుంటుంది. అందుకే హౌసింగులోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టాలను రెండు హౌసింగుల నుంచీ బోనెట్ కిందిదాకా పొడిగించాం. ‘ఫోర్ లో’ (4L, నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేయడానికి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో స్విచ్చు తిప్పి, దీపం నిలిచాకే గేరు. రెండో గేరులో ఒకే వేగం, మధ్యలో క్లచ్ ముట్టుకోలేదు. నీళ్లలో ఇంజిను ఆగిపోతే సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లో చేరిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. లాగి గట్టెక్కించి, గ్లో ప్లగ్గులు తీసి, చేత్తో తిప్పి నీళ్లు కక్కించాకే స్టార్ట్.

గట్టెక్కాక రెండు వందల మీటర్లు బ్రేకు మీద కాలు ఆనించి నడిపాం, డ్రమ్ములు ఆరేదాకా. వరిగడ్డి ఎండి ఉన్న కళ్లాల్లోంచి వచ్చాం కాబట్టి సైలెన్సర్ మీద ఇరుక్కున్న గడ్డిని చేత్తో పీకేశాం. వదిలేస్తే పొగ, తర్వాత మంట.

హరిపురంలో కంప్రెసర్ క్లిప్పులు బ్యాటరీకే తగిలించి, ఇంజిను నడుస్తుండగా నాలుగు టైర్లూ 32కి ఎక్కించాం. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోతుంది. ఇంటికొచ్చి, రాత్రంతా బండి నిలబెట్టాక, పొద్దున్నే వెనక హౌసింగ్ డ్రెయిన్ బోల్టు రెండు మరలు వదులు చేశాం. నీళ్లు చేరి ఉంటే అడుగునే ఉంటాయి, మొదట అవే వస్తాయి, బాగా కలిసిపోతే ఆయిలు పాలు పోసిన టీలా ఉంటుంది. పడిన మొదటి చుక్క తేనెరంగులో, జిగటగా ఉంది. ముందు హౌసింగూ అంతే. జాయింట్ షాఫ్ట్ క్రాసులకు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్ను కొట్టాం. వెనక క్రాసులో ఒక కప్పు మాత్రం గ్రీజు వదల్లేదు. అది మార్చాలి.