ఆరు అంకెల బిల్లు నంబరు, పదహారు గళ్ల చేప పేరు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని ఊళ్లోని హోటళ్లకు వేసే మా మేనమామకు నేను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసి ఇచ్చాను. సన్న రశీదు కాగితం మీద వరుసకు 32 అక్షరాలు పడతాయి కనుక, సరుకు పేరుకు 16, తూకానికి 6, సొమ్ముకు 10 గళ్లు కేటాయించి, చాలని చోట స్ట్ర్‌_ప్యాడ్ ఫంక్షన్‌తో ఖాళీలు నింపాను. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినప్పుడు తెర మీద నమూనా గీత గీసినట్టు నిలబడింది. మామయ్య పేర్లన్నీ తెలుగులోకి మార్పించిన రోజున మాత్రం తూకాల వరుస కెరటంలా వంకరపోయింది.

తప్పు నాదే. స్ట్ర్‌_ప్యాడ్ అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తుంది, అక్షరాలను బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపికి చెందిన ప్రతి సంకేతమూ, అంటే అక్షరమైనా గుణింతపు గుర్తయినా పొల్లయినా, మూడేసి బైట్లు తీసుకుంటుంది. ‘వంజరం’లో వ, సున్న, జ, ర, సున్న అని ఐదు సంకేతాలున్నాయి కనుక అది 15 బైట్లు, పక్కన పడేది ఒకే ఒక్క ఖాళీ. ‘రొయ్యలు’ ఏడు సంకేతాలు, 21 బైట్లు. పదహారు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి దానికి ఆ ఒక్క ఖాళీ కూడా దక్కలేదు. కంటికి కనిపించేవి రెండింటిలోనూ మూడేసి అక్షరాలే.

పీహెచ్‌పీ 8.3లో వచ్చిన ఎంబీ_స్ట్ర్‌_ప్యాడ్ బైట్లకు బదులు సంకేతాలను లెక్కిస్తుంది. దాన్ని పెడితే వంజరానికి పదకొండు ఖాళీలు, రొయ్యలకు తొమ్మిది వచ్చాయి, అయినా వరుస కుదరలేదు. జావాస్క్రిప్ట్ భాషలో ఇదే పని చేసే పాడ్‌ఎండ్‌తోనూ తెలుగుకు ఇదే ఫలితం వస్తుంది. ఒకవేళ విడి అక్షరాలనే కచ్చితంగా లెక్కించగలిగినా, తెలుగు ఫాంట్లలో ‘ర’కూ ‘య్య’కూ ఒకే వెడల్పు ఉండదు కనుక ఖాళీలు లెక్కపెట్టి తెలుగు మాటలను వరుసలో నిలబెట్టాలనుకోవడమే పొరపాటు. చివరకు రశీదును హెచ్‌టీఎంఎల్ పట్టికగా మార్చి, నిలువు వరుసల వెడల్పును పేజీ రూపం చూసుకునే సీఎస్‌ఎస్‌కు అప్పగించి, బ్రౌజరు నుంచే ప్రింటు తీయిస్తున్నాను.

ఇంత చిన్న పనికి ఒకప్పుడు ప్రపంచమంతా ఇబ్బంది పడింది. 2016 మార్చిలో లెఫ్ట్‌-ప్యాడ్ అనే, మాటకు ఎడమవైపు ఖాళీలు నింపే పదకొండు పంక్తుల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాని రచయిత అలాంటి ప్యాకేజీలను పంచుకునే ఎన్‌పీఎం భాండారం నుంచి తీసివేయగా, దాని మీద ఆధారపడిన బాబెల్ అనే కోడ్ మార్పిడి సాధనంతో సహా ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఇప్పుడు అటువంటి ప్యాకేజీ అక్కర లేదు. జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణం నుంచి పాడ్‌స్టార్ట్, పాడ్‌ఎండ్ భాషలోనే ఉన్నాయి.

నా ప్రోగ్రాంలో ప్యాడింగ్ ఇప్పుడు ఒకే చోట మిగిలింది, అది బిల్లు నంబరు. 417ను 000417గా మారుస్తాను. ‘ముందు ఇన్ని సున్నాలెందుకురా, నాలుగొందల పదిహేడంటే చాలదా?’ అని మామయ్య అడిగాడు. బిల్లు నంబరే పీడీఎఫ్ ఫైలు పేరు కూడా కనుక, సున్నాలు లేకపోతే అక్షరక్రమంలో పేర్చినప్పుడు 1000 వచ్చి 999 కంటే ముందు కూర్చుంటుందని చూపించాను. ఇక్కడ ఒక మెలిక ఉంది: నంబరు ఏడు అంకెలకు చేరితే స్ట్ర్‌_ప్యాడ్ అయినా పాడ్‌స్టార్ట్ అయినా దాన్ని ఉన్నదున్నట్టుగా వదిలేస్తుంది, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోని ఎల్‌ప్యాడ్ మాత్రం ఆరు దాటిన అంకెను కుడివైపు నుంచి కత్తిరించి 1000417ను 100041 చేస్తుంది. అందుకే సున్నాలు చేర్చే పనిని డేటాబేసుకు వదలకుండా ప్రోగ్రాంలోనే ఉంచుకున్నాను. మామయ్య లెక్కలు చూసే గుమస్తా ఎక్సెల్‌లో బిల్లుల జాబితా ఫైలు తెరవగానే సున్నాలన్నీ మాయమయ్యాయి. ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా ఎంచుకుని దిగుమతి చేసుకోవడం అతనికి ఫోన్లోనే నేర్పించాను.