శ్రీరంగపట్నంలో నిజాం వాటా

శ్రీరంగపట్నం స్టేషన్ బయట ఆటో అతను కోట, దరియా దౌలత్, గుంబజ్, సంగమం తిప్పడానికి తొమ్మిది వందలు అడిగాడు. మొత్తం కలిపినా పెద్ద దూరమేమీ కాదు. బేరమాడితే ఏడు వందలకి దిగాడు కానీ, ఎక్కడైనా పది నిమిషాలు దాటితే చాలు హారన్ మొదలు. ఆ టెన్షన్‌తో బెయిలీ చెరసాల సగమే చూశాను. రంగనాథస్వామి గుడి దగ్గర క్యూ చూసి గాలిగోపురానికే దండం పెట్టుకున్నాను. మైసూరు ప్యాలెస్ గురించి రాయడం లేదు, చూడని వాళ్ళు తక్కువ.

దరియా దౌలత్ దగ్గర మాత్రం ఆటో అతనికి డబ్బులిచ్చి పంపేశాను. ఆ గోడ ముందు తొందరపడటం నావల్ల కాదు.

ఇది 1784లో టిప్పు కట్టించుకున్న వేసవి విడిది. పడమటి గోడ మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంది. కాంచీపురం దగ్గర హైదర్ అలీ, టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని చితక్కొట్టిన యుద్ధం అది. చతురస్రంగా నిలబడ్డ ఎర్రకోటు సిపాయిల మధ్య పల్లకీలో కర్నల్ బెయిలీ ఉంటాడు. పక్కనే మందుగుండు బండి పేలి మంట లేస్తుంటుంది. ఫ్రెంచి అధికారి లాలీ దుర్భిణి పట్టుకుని చూస్తుంటాడు. మనుషులూ గుర్రాలూ కిక్కిరిసి, ఎక్కడా జానెడు ఖాళీ లేదు.

బెంగళూరు నుంచి వచ్చిన ఓ తెలుగు కుటుంబానికి గైడు వచ్చీరాని తెలుగులో అన్నీ చూపిస్తున్నాడు. నేనూ వాళ్ళ వెనకే చేరాను. గోడ కింది భాగంలో ఒక ఆవు, ఒక అడవి పంది చూపించి, "ఇదిగో సార్, మీ నిజాం. పందిలా దూసుకొచ్చాడు, ఆవులా వెనక్కి పోయాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మాది గుత్తి. మా తాతల కాలం నుంచి మమ్మల్ని మద్రాసు వాళ్ళనే అన్నారు తప్ప నిజాం వాళ్ళని ఎవరూ అనలేదు. కానీ అక్కడే తోట గట్టు మీద కూర్చుని ఆలోచిస్తే, గైడు మాట మరీ అబద్ధమూ కాదు. ఈ ఊళ్ళో జరిగిన యుద్ధంలో నిజాంకి దక్కిన వాటాలో మా గుత్తి కూడా ఉంది.

1780లో నిజాం అలీ ఖాన్ మొదట హైదర్, మరాఠాల పక్షమే. మద్రాసులోని కంపెనీ ప్రభుత్వం అతన్ని కాదని అతని తమ్ముడి దగ్గర గుంటూరు తీసుకోవడం ఒళ్ళు మండించింది. వారన్ హేస్టింగ్స్ ఆ గుంటూరు తిరిగి ఇప్పించి మెల్లగా అతన్ని పక్కకి తప్పించాడు. గోడ మీద ఎగతాళి వెనక ఉన్నది ఆ కథే. 1792కి నిజాం పూర్తిగా కంపెనీ వైపు తిరిగి, ఓడిన టిప్పు రాజ్యంలో వాటా తీసుకున్నాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు అతన్ని ఓడించినప్పుడు మాత్రం కంపెనీ చూస్తూ ఊరుకుంది. అప్పుడతను రేమండ్ అనే ఫ్రెంచివాడి దళాన్ని పెంచుకున్నాడు. హైదరాబాద్ మలక్‌పేట వైపు గుట్ట మీద ఉన్న సమాధి ఆ రేమండ్‌దే.

గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లస్లీకి ఆ ఫ్రెంచి దళం కంట్లో నలుసు. 1798 సెప్టెంబరులో సైన్య సహకార ఒప్పందం రాయించాడు. ఆరు కంపెనీ పటాలాలు, ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు ఖర్చు నిజాందే. అక్టోబరులో ఫ్రెంచి దళం చేత ఆయుధాలు కింద పెట్టించారు. కొద్ది నెలలకే నిజాం తరఫు సైన్యం టిప్పు మీదికి బయల్దేరింది. పేరుకి నాయకుడు మీర్ ఆలం. పెత్తనం గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లస్లీది. 1799 మే 4 మధ్యాహ్నం కోట పడింది, టిప్పు పోరాడుతూ చనిపోయాడు.

గుత్తి, గుర్రంకొండ నిజాంకి ఇచ్చారు. ఎంతకాలం? 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం. పటాలాలు పెంచుతాం, ఖర్చు కింద 1792లోనూ 1799లోనూ వచ్చిన భూములన్నీ మాకు రాసివ్వండి అన్నారు. రాసిచ్చాడు. అలా మేం దత్త మండలాల వాళ్ళమయ్యాం. మైసూరును పంచిన కమిషన్‌లో మాల్కం అనే ఇంకో కంపెనీ అధికారితో పాటు కార్యదర్శిగా పనిచేసిన థామస్ మన్రోయే మాకు మొదటి ప్రధాన కలెక్టర్‌గా వచ్చాడు. మా వైపు ఆయన్ని ఇప్పటికీ మంచివాడనే చెప్పుకుంటారు, అందులో నిజం ఉంది. కానీ ఆయన వసూలు చేసిన శిస్తు ఏ లెక్క కింద వచ్చిందో మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. నాకు కోపం తెప్పించేది అదే. తన సైన్యాన్ని పంపి, ఖర్చు భరించి, గెలిచి, ఆ గెలుపులో వచ్చినదాన్ని తన మీద కాపలా ఉన్న సైన్యానికే జీతంగా కట్టాడు నిజాం.

కుటుంబాన్ని పంపించేసి గైడు వచ్చి పక్కన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. నేనిదంతా చెప్తే ఓపిగ్గా విన్నాడు. "మరి మా వాళ్ళు నయం కదా సార్?" అన్నాడు. నయమేమీ కాదన్నాను. అయిదేళ్ళ పిల్లాడు కృష్ణరాజ ఒడెయరును గద్దె మీద కూర్చోబెట్టి, ఏటా 7 లక్షల వరహాలు కట్టమన్నారు. నాలుగేళ్ళకే, 1803లో, అస్సయి దగ్గర మరాఠాల మీద యుద్ధానికి మైసూరు గుర్రపు దళం వెళ్ళింది. అక్కడ హైదరాబాద్ వాళ్ళూ ఉన్నారు.

అతను ఒప్పుకోలేదు. "ఒడెయర్లు లేకపోతే కేఆర్‌ఎస్, అదే కృష్ణరాజసాగర్ డ్యామ్ ఎక్కడిది సార్? మా మండ్యకి నీళ్ళెక్కడివి?" అని గట్టిగానే అడిగాడు. ఆ మాట కాదనలేను. డ్యామ్ నీళ్ళతో పండిన పొలాలు చూస్తూనే రైల్లో వచ్చాను. తన ఇంటికి అన్నం పెట్టినదాని గురించి మాట్లాడుతున్న మనిషితో వాదించాలనిపించలేదు. ఇద్దరం బెల్లం కాఫీ తాగాం. డబ్బులు అతనే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినలేదు.

సాయంత్రం కోటకి నడిచే వెళ్ళాను. నది ఒడ్డున, గోడ కూలిన చోట ఎత్తైన రాతి స్తంభం ఉంది. 1799 ముట్టడిలో చనిపోయిన అధికారుల పేర్లు దాని మీద చెక్కారు. కట్టించింది మైసూరు ప్రభుత్వమే, 1907లో. టిప్పు రాజధాని పడిన చోట, గెలిచిన వాళ్ళ కోసం. నాలుగు వైపులా తిరిగి చదివాను. నిజాం తరఫున వచ్చిన ఒక్క మామూలు సిపాయి పేరు కూడా కనిపించలేదు. మద్రాసు పటాలాల్లో మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉండేవారు. గోడ ఎక్కుతూ నీళ్ళలో పడిపోయిన వాళ్ళలో మన పక్క ఊరి వాడు ఎవడైనా ఉన్నాడో లేదో.

వందేళ్ళు దాటినా కథ మారలేదు. 1918లో మైసూరు, హైదరాబాద్, జోధ్‌పూర్ గుర్రపు దళాలు ఒకే బ్రిగేడ్‌గా పాలస్తీనాలో ఇంగ్లీషు వాళ్ళ తరఫున పోరాడాయి. హైఫా పట్టణాన్ని పట్టుకున్నది అందులోని జోధ్‌పూర్, మైసూరు వాళ్ళు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ బ్రిగేడ్ వాళ్ళ కోసం పెట్టినవే. ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో పోయినా దిగి చూడలేదు. ఈసారి ఢిల్లీ వెళ్తే ముందు అక్కడికే వెళ్తాను.