లోయర్ బెర్త్ ఉపన్యాసాలు

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే మన ఎదురుగా ఒక పెద్దాయన గ్యారంటీ అండి. దువ్వాడ దాటకముందే "మీదే ఊరు?" అని మొదలెడతాడు, మనం చెప్పేది వినడానికి కాదు, ఆయన అందుకోడానికి. తుని దగ్గర 2014 విభజన, సామర్లకోట వచ్చేసరికి అమరావతి, ఆ తర్వాత 2019లో మూడు రాజధానులు, రాజమండ్రి దాటాక బ్రిడ్జి మీద జనం గోదాట్లో చిల్లర వేసి దణ్ణం పెట్టుకుంటున్నా ఆపడు, తన పెన్షన్ ఏరియర్స్, అల్లుడి తీరు, మధ్యలో మన ఉద్యోగం మీద కూడా ఓ తీర్పు.

ఊఁ కొడితే ఒప్పుకున్నట్టు, ఊరుకుంటే తెలీనట్టు, "అలా కాదేమోనండి" అన్నామా ఇంక అయిపోయాం, మోకాలి మీద చెయ్యేసి మరీ "నువ్వు చిన్నోడివి, నీకు తెలీదు, నే చెప్తా విను" అంటాడు. ఆ చెయ్యి తియ్యడు, అదొకటి.

ఆయన బాధల్లో కొన్ని నిజమే, ఏరియర్స్ సంగతి మా ఇంట్లోనూ చూశా. కానీ వాటికి నేనేదో సంతకం ఆపేసినట్టు నామీద అరుస్తాడేంటి?

రూల్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బెర్తులు పడుకోడానికే. అందుకే నేను కావాలనే మిడిల్ బెర్త్ తీసుకుంటా, పది అవ్వగానే "బాబాయ్ గారూ, కాస్త లేస్తారా" అని బెర్త్ ఎత్తి గొలుసులు తగిలించేస్తా. ఆయనేమో సైడ్ లోయర్ అబ్బాయి పక్కకెళ్ళి కూర్చుని పోలవరం మొదలెడతాడు.