మౌంట్ ఆబర్న్ నమూనా: కొండ నిలిచింది, లోయ మళ్లీ మొదలు

అట్టతో కడుతున్న మౌంట్ ఆబర్న్ నమూనాకు ఇది ఆరో వారం. మసాచుసెట్స్‌లోని ఈ ఉద్యాన శ్మశానం విస్తీర్ణం ఇప్పుడు 175 ఎకరాలు. నా బల్ల మీద అంత చోటు లేదు. అందుకే బురుజు ఉన్న కొండనూ దాని పక్కనున్న లోయనూ మాత్రమే తీసుకున్నాను. 400 మీటర్ల చతురస్రం, 1:1000 కొలతలో 40 సెంటీమీటర్లయింది.

నా దగ్గరున్న పటంలో ఒక సమోన్నత రేఖకూ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) మరోదానికీ 10 అడుగుల ఎత్తు తేడా. ఈ కొలతలో అది దాదాపు 3 మిల్లీమీటర్లు, అంటే రేఖకు ఒక ఫోమ్ అట్ట. బ్లేడును ఒకేసారి లోతుగా దించకుండా మూడుసార్లు తేలికగా లాగితే అంచు చిరగదు. జిగురు పలుచగా రాసి, రాత్రంతా బరువైన పుస్తకాలు పెట్టాలి. చిక్కగా రాసిన రెండు పొరలు నాకు పడవల్లా వంగిపోయాయి.

కొండ బాగానే వచ్చింది. లోయ దగ్గరే తప్పు చేశాను. చిన్న వంపులే కదా అని కొన్ని రేఖలను నునుపుగా కోసేశాను. తీరా దారులు గీయబోతే, సాఫీగా సాగాల్సిన బాట రెండు మెట్లు ఎక్కి దిగుతోంది! హార్వర్డ్ స్క్వేర్ నుంచి బస్సెక్కి వెళ్లి ఆ బాట మీద మళ్లీ నడిచాను. అది వాలును కోసుకుంటూ పోదు, వాలు ఎటు తిరిగితే అటే తిరుగుతుంది. ఈ స్థలానికి రూపమిచ్చిన హెన్రీ డియర్‌బోర్న్ నేల వంపులనే దారులుగా మలిచాడు. నేను వంపు తీసేస్తే ఆయన దారికి చోటెక్కడుంటుంది? లోయ పొరలు నాలుగూ ఊడదీసి కొత్తగా కోస్తున్నాను.

ఈ లోయ విషయంలో రాజీపడలేను. బోస్టన్ నగరంలోని ఇరుకు శ్మశానాలను చూసి కలతచెందిన వైద్యుడు జేకబ్ బిగెలో ఊరి బయట తోటలాంటి చోటు కావాలన్నాడు. మసాచుసెట్స్ ఉద్యాన సంఘం ముందుకొచ్చింది, పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానం దారి చూపింది. 1831 సెప్టెంబర్ 24న జనం ఈ లోయలోనే కూర్చుని న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ ప్రారంభోపన్యాసం విన్నారు. గిన్నెలా కనిపించకపోతే ఇది ఆ లోయ కానే కాదు. అడుగున ఉన్న చిన్న కుంటలో మచ్చల సాలమండర్లు (బల్లిలా కనిపించే ఉభయచరాలు) వసంతంలో గుడ్లు పెడతాయి. ఆ నీటికి పారదర్శక వార్నిష్‌ను పలుచగా ఐదు పూతలు వేయాలనుకుంటున్నాను.

బురుజు అసలు ఎత్తు 62 అడుగులు, నమూనాలో 19 మిల్లీమీటర్లు. బాల్సా అనే తేలికైన చెక్కను గుండ్రంగా అరగదీసి, తడి రంగు మీద జల్లించిన ఇసుక చల్లాను. ఈ ఉపాయం అక్కడిదే. 1832లో కట్టిన ఈజిప్షియన్ శైలి తొలి ప్రవేశద్వారం చెక్కది. రాయిలా కనిపించాలని దాని రంగు మీద ఇసుక అద్దారు. గ్రానైట్ ద్వారం పదేళ్ల తర్వాత వచ్చింది.

చెట్లు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు. ఎండిన పూలరెమ్మలను గుండుసూదులకు చుట్టి, అతికించకుండా గుచ్చుతున్నాను. అవసరమైనప్పుడు తీసి చూస్తే కింద దారులు కనిపించాలి. ఇప్పటికి 46 అయ్యాయి.